మొదటి బ్లాగు ఎక్కడ పెట్టాలి: బ్లాగర్, వర్డ్‌ప్రెస్, సబ్‌స్టాక్‌ల మధ్య ఎంపిక

వ్యక్తిగత బ్లాగు మొదలుపెట్టాలనుకునేవారు మొట్టమొదట అడిగే ప్రశ్న "ఎందులో పెట్టమంటారు?" అన్నది. ఒక పేరు చెప్పి ఊరుకోవడం తేలికే గాని, రాసే మనిషికి కంప్యూటరు పనుల మీద ఎంత ఓపిక ఉంది, ఏడాదికి ఎంత ఖర్చు పెట్టగలరు, రాసినవి ఎన్నేళ్లు నిలవాలని కోరుకుంటున్నారు అన్నవి తెలియకుండా చెప్పిన పేరు వారికి అక్కరకు రాదు. చాలా ఏళ్లుగా తెలుగులో బ్లాగు రాస్తూ, ఒకసారి పోగొట్టుకుని మళ్లీ కట్టుకుని, తెలిసినవారికి పెట్టిస్తూ వచ్చిన అనుభవంతో నేను ఏ వేదికనైనా ముందుగా రెండు విషయాల్లో పరీక్షిస్తాను. రాసినదంతా ఒక ఫైలుగా బయటికి తెచ్చుకోవడానికి వీలుందా? పాఠకులు వచ్చే చిరునామా మన పేరున ఉంటుందా? పేజీ అందం, రంగులు, ఆదాయం వంటివన్నీ ఈ రెండింటి తరువాత చూసుకోవలసినవే.

నిరుటి వేసవిలో తెనాలిలో ఉండే మా పిన్నిగారికి బ్లాగు పెట్టించాను. ఆవిడ బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేశారు. ఊళ్లో వాడుకలో నుంచి జారిపోతున్న మాటల గురించి రూళ్ల నోటుపుస్తకాల్లో రాసుకుంటూ, అప్పుడప్పుడు కొన్ని ఫేస్‌బుక్‌లో పెట్టేవారు. "నాయనా, అక్కడ నిన్న రాసింది ఇవాళ కిందికి పోతోంది. పోయిన ఏడాది రాసింది కావాలంటే నాకే దొరకడం లేదు" అన్నది ఆవిడ ఫిర్యాదు. బ్లాగు ఎందుకన్నదానికి ఇంతకన్నా సూటి కారణం నాకు కనిపించదు. ఒక మాట గురించి మూడేళ్ల కిందట రాసినదాన్ని ఎవరో గూగుల్‌లో వెతుక్కుని వచ్చి చదవగలగాలి, ఆ లంకె అప్పటికీ తెరుచుకోవాలి.

బ్లాగర్

ఇది వీటన్నిటిలోకీ పాతది. 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టగా 2003లో గూగుల్ కొనుక్కుంది. తెలుగు బ్లాగులు గుంపుగా వెలసిన తొలిరోజుల్లో, లేఖినిలో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగుగా మార్చుకుని, టపా (బ్లాగులో ఒక రాత) వేసి, తెలుగు బ్లాగులన్నిటినీ ఒకచోట చూపే కూడలిలో తమ బ్లాగు పేరు కనిపించిందా లేదా అని చూసుకున్నవారిలో చాలామంది ఇక్కడే రాశారు. ఆ కాలపు టపాలు ఇప్పటికీ అదే చిరునామాలో తెరుచుకుంటున్నవి ఎన్నో ఉన్నాయి. అన్నేళ్ల పాటు పైసా ఖర్చు లేకుండా రాతను నిలబెట్టిన వేదికను పాతబడిందన్న కారణంతో పక్కన పెట్టడం నాకు న్యాయంగా తోచదు.

గూగుల్ ఖాతా ఉన్నవారు పది నిమిషాల్లో ఇక్కడ బ్లాగు తెరవవచ్చు. సర్వరు, నవీకరణ, భద్రత వంటి మాటలేవీ రాసేవారి చెవిన పడవు. సొంత డొమైన్ (మన పేరున ఉండే వెబ్ చిరునామా) కొనుక్కుంటే దాన్ని బ్లాగుకు తగిలించడానికి బ్లాగర్ ఏమీ తీసుకోదు, డొమైన్ అమ్మినవారికి కట్టేదే ఖర్చు. అంతేకాక, తగిలించిన తరువాత బ్లాగర్ మొదట ఉచితంగా ఇచ్చిన పాత బ్లాగ్‌స్పాట్ చిరునామాకు వచ్చిన పాఠకులను అదే కొత్త చిరునామాకు పంపుతుంది. ఉచితంగా మొదలుపెట్టి, రాయడం అలవాటయ్యాక సొంత పేరు కొనుక్కోవాలనుకునేవారికి ఈ సదుపాయం ఎంతో మేలు చేస్తుంది.

లోపాలు కూడా చెప్పాలి. పేజీల రూపురేఖల్లో ఎంపిక తక్కువ, రాసే పెట్టె కూడా సాదాసీదాగానే ఉంటుంది. గూగుల్ దీని మీద పెద్దగా పని చేస్తున్నట్టు కనిపించదు. తెలుగులో రాసేవారు మొదటి రోజే తెలుసుకోవలసిన చిక్కు మరొకటి ఉంది. టపా శీర్షికను తెలుగు లిపిలో పెడితే, బ్లాగర్ లంకె తయారుచేసేటప్పుడు తెలుగు అక్షరాలను వదిలేసి "బ్లాగ్-పోస్ట్" అని ఇంగ్లీషులో పెట్టేస్తుంది, అదే నెలలో రెండో టపాకు దాని వెనక ఒక అంకె చేరుస్తుంది. అలా ఏడాది తిరిగేసరికి లంకె చూసి ఏ టపా ఏదో పోల్చుకోలేని పరిస్థితి వస్తుంది. ప్రచురించే ముందు కుడివైపు అమరికల్లో పర్మాలింక్ అన్నచోట "కస్టమ్" ఎంచుకుని, శీర్షికలోని ముఖ్యమైన మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకోవాలి. మా పిన్నిగారు "గాదె" గురించి రాసిన మొదటి టపాకు నేను ఈ సంగతి మరిచిపోయాను. ప్రచురించాక దాన్ని మార్చాలంటే టపాను వెనక్కి తీసుకుని మళ్లీ వేయాలి, ఈలోగా వాట్సాప్‌లో పంపిన పాత లంకె పని చేయడం మానేస్తుంది. అప్పటికే బంధువుల గ్రూపులన్నిటికీ పంపేశారు కనుక, ఆ ఒక్కటీ అలాగే ఉండిపోయింది.

రెండో చిక్కు ఖాతాకు సంబంధించినది. బ్లాగు గూగుల్ ఖాతాకు అతికి ఉంటుంది. రెండేళ్ల పాటు ఏ వాడకమూ లేని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. బ్లాగు కోసమని విడిగా ఒక ఖాతా తెరిచి ఆపై దాన్ని మరిచిపోయేవారు ఉంటారు. అలా చేయకుండా రోజూ వాడే ఖాతాతోనే పెట్టుకోవడం క్షేమం, లేదా బ్లాగు అమరికల్లో రోజువారీ ఖాతాను కూడా రచయితగా చేర్చి నిర్వాహకుడి హోదా ఇచ్చుకోవాలి. పెద్దవారి బ్లాగు విషయంలో ఇంకొక అడుగు వేయాలి. ఖాతా కొన్ని నెలలు కదలకపోతే ఎవరికి కబురు వెళ్లాలో, ఏ సమాచారం అందాలో ముందుగా నమోదు చేసే ఏర్పాటు గూగుల్ ఖాతాలోనే ఉంది. పిన్నిగారి ఖాతాలో వారి అమ్మాయి పేరు పెట్టించాను. ఇలాంటి సంగతి పెద్దవాళ్లతో ఎత్తడానికి మనకు నోరు రాదు గాని, ఆవిడ మాత్రం "మంచి పని చేశావు" అన్నారు.

రెండు వర్డ్‌ప్రెస్‌లు

కొత్తవారు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. వర్డ్‌ప్రెస్ అనేది 2003 మేలో విడుదలైన ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మాట్ మలన్‌వెగ్, మైక్ లిటిల్ దాన్ని మొదలుపెట్టారు. వర్డ్‌ప్రెస్ డాట్ ఆర్గ్‌లో దొరికే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా ఉచితంగా దించుకుని, అద్దెకు తీసుకున్న హోస్టింగ్‌లో (సర్వరు మీద స్థలంలో) నిలుపుకోవచ్చు. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ అన్నది అదే సాఫ్ట్‌వేర్‌ను ఆటోమాటిక్ అనే సంస్థ తన సర్వర్ల మీద నడుపుతూ 2005 నుంచి ఇస్తున్న సేవ. మొదటిది సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడం, రెండోది అపార్టుమెంటులో వాటా తీసుకోవడం లాంటిది. "వర్డ్‌ప్రెస్‌లో పెట్టు" అని సలహా ఇచ్చేవారు ఏ వర్డ్‌ప్రెసో చెప్పకపోతే ఆ సలహా సగమే.

డాట్ కామ్‌లో ఉచిత బ్లాగు బాగానే ఉంటుంది. రాసే పెట్టె బ్లాగర్‌కన్నా ఎంతో మెరుగు, ఫోను యాప్‌లో నుంచి టపా వేయడం హాయిగా ఉంటుంది. అయితే ఉచిత బ్లాగు మీద ఆ సంస్థ ప్రకటనలు వస్తాయి, వాటి ఆదాయం రాసినవారికి రాదు. సొంత డొమైన్ తగిలించాలంటే డబ్బు కట్టే పథకం తీసుకోవలసిందే. ఉచిత స్థలం 1 జీబీ మాత్రమే. అక్షరాలకు అది తరగని స్థలమైనా, ఫోనులో తీసిన ఫొటో ఒక్కొక్కటి 4 ఎంబీ ఉంటుంది కనుక 250 ఫొటోలకే నిండిపోతుంది. అదే ఫొటోను 1600 పిక్సెళ్ల వెడల్పుకు కుదించి 300 కేబీకి తెస్తే మూడు వేలకు పైగా పడతాయి. పేజీ కూడా త్వరగా తెరుచుకుంటుంది కనుక, పల్లెల్లో మొబైల్ డేటా మీద చదివేవారికి ఈ కుదింపు వల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు.

సొంత హోస్టింగ్ మీద వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే దాదాపు ఏ పరిమితీ ఉండదు. కావలసిన థీమ్ (పేజీ రూపం), కావలసిన ప్లగిన్ (అదనపు పనులకు చేర్చుకునే చిన్న ప్రోగ్రాము), కావలసిన ఖతి (ఫాంటు) వాడుకోవచ్చు. బదులుగా చాకిరీ అంతా మన మీదే పడుతుంది. సాఫ్ట్‌వేర్‌నూ ప్లగిన్లనూ ఎప్పటికప్పుడు నవీకరించాలి, పాతబడిన ప్లగిన్ గుండా దొంగ ప్రోగ్రాములు చొరబడకుండా చూసుకోవాలి, బ్యాకప్ తీయాలి, ఏటా హోస్టింగ్ అద్దె కట్టాలి. అద్దె సంగతి విడిగా చెప్పాలి. ప్రకటనలో కనిపించే నెలకు వంద, నూటయాభై రూపాయల ధర సాధారణంగా మొదటి విడతకే, అదీ రెండు మూడేళ్లకు ఒకేసారి కడితేనే. పునరుద్ధరణ ధర దానికి రెండింతలో మూడింతలో ఉండవచ్చు, పైగా 18 శాతం జీఎస్టీ ఉంటుంది. కొనే ముందు చూడవలసింది ఆ పునరుద్ధరణ ధరనే.

నా పాత బ్లాగు పోయింది ఈ దారిలోనే. రాయితీ ధరకు హోస్టింగ్ తీసుకుని మూడేళ్లు రాశాను. ఆ మధ్యలో బ్యాంకు కార్డు గడువు తీరింది. గుర్తుచేసే ఉత్తరాలు నేను వాడడం మానేసిన పాత మెయిలుకు వెళ్లాయి. చూసుకునేసరికి సంస్థవారు ఖాతాను మూసి ఫైళ్లన్నీ తుడిచేశారు. వారం వారం దానంతటదే బ్యాకప్ తీసే ప్లగిన్ పెట్టానని నిశ్చింతగా ఉన్నాను గాని, ఆ బ్యాకప్ కూడా అదే సర్వరు మీద ఉందన్న సంగతి అప్పుడు గాని తట్టలేదు. పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఒక్కొక్క పేజీ వెతికి కొన్ని టపాలు తిరిగి రాబట్టుకున్నాను. మా తాతగారి చేతిరాత కాగితాల ఫొటోలు ఉన్న టపా అందులో దొరికింది గాని, ఫొటోల చోట ఖాళీ గళ్లు ఉన్నాయి. అసలు కాగితాలు అప్పటికే చెదలు పట్టి పోయాయి. అందుకే, కంప్యూటరు పని అంటే ఇష్టం ఉండి, నెలకు ఒక గంట దాని మీద కూర్చోగలిగినవారికి తప్ప సొంత హోస్టింగ్‌ను మొదటి బ్లాగుకు నేను సిఫారసు చేయను.

తెలుగు శీర్షికల విషయంలో వర్డ్‌ప్రెస్ బ్లాగర్‌లా అక్షరాలను వదిలేయదు, లంకెలోకి తీసుకుంటుంది. చూడడానికి ఇది గౌరవంగానే ఉన్నా, ఆ లంకెను కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే ప్రతి తెలుగు అక్షరమూ, ప్రతి గుణింతపు గుర్తూ, ప్రతి పొల్లూ తొమ్మిదేసి గుర్తులుగా విడిపోయి, శాతం గుర్తులూ అంకెలూ నిండిన చాంతాడంత గొలుసు తయారవుతుంది. లంకె పేరుకు వర్డ్‌ప్రెస్ ఇచ్చే చోటు 200 గుర్తులే కనుక ఇరవై రెండు తెలుగు సంకేతాలు (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కొక్కటీ ఒక సంకేతం) దాటితే మిగిలినది తెగిపోతుంది. "లక్ష్మి" అన్న రెండక్షరాల మాటకే ఏడు సంకేతాలు పడతాయని గుర్తుంచుకుంటే ఎంత త్వరగా తెగుతుందో ఊహించుకోవచ్చు. కనుక ఇక్కడ కూడా లంకె పేరును చేత్తో, ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా పెట్టుకోవడమే మంచిది.

సబ్‌స్టాక్, మీడియం

2017లో మొదలైన సబ్‌స్టాక్ మూలంలో ఈ-మెయిలు పత్రిక. టపా వేయగానే చందాదారుల మెయిలు పెట్టెకు చేరుతుంది, అదే ఒక పేజీగా వెబ్‌లో కూడా ఉంటుంది. పాఠకుడు వెతుక్కుంటూ రానక్కరలేకుండా మనమే వెళ్లి తలుపు తట్టడం దీని బలం. అమెరికాలోనో గల్ఫ్ దేశాల్లోనో ఉంటూ, ఇప్పటికే తెలిసిన రెండు మూడు వందలమందికి వారానికో ఉత్తరం రాయాలనుకునే తెలుగువారికి ఇంతకన్నా అనువైనది లేదు. చందాదారుల జాబితానూ టపాలనూ ఫైలుగా దించుకోవచ్చు కనుక నా మొదటి పరీక్షలో నెగ్గుతుంది. డబ్బు చందాలు పెడితే సబ్‌స్టాక్ పది శాతం తీసుకుంటుంది. అయితే ఆ చెల్లింపులు స్ట్రైప్ అనే ఆన్‌లైన్ చెల్లింపుల సేవ ద్వారానే జరుగుతాయి. భారతదేశంలో ఉండి రాసేవారు స్ట్రైప్ ఖాతా తమకు దొరుకుతుందని రూఢి చేసుకున్నాకే ఆదాయం లెక్కలు వేసుకోవాలి. సొంత డొమైన్ తగిలించడానికి ఒక్కసారి 50 డాలర్లు కట్టాలి.

మన దగ్గర మాత్రం దీనికొక ఇబ్బంది ఉంది. మా పిన్నిగారి పాఠకులలో మెయిలు రోజూ తెరిచి చూసేవారు పట్టుమని పదిమంది కూడా లేరు. వారందరూ వాట్సాప్‌లో వచ్చిన లంకె నొక్కి చదివేవారే. అటువంటి పాఠకులకు సబ్‌స్టాక్ పేజీ తెరవగానే మెయిలు చిరునామా ఇమ్మని అడిగే పెట్టె అడ్డం వస్తే, సగంమంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

మీడియం గురించి క్లుప్తంగా చెబుతాను. బ్లాగర్‌ను స్థాపించినవారిలో ఒకరైన ఇవాన్ విలియమ్సే దీన్ని 2012లో మొదలుపెట్టారు. ఇంగ్లీషులో వృత్తి విషయాలు రాసేవారికి అక్కడ చదువరులు దొరుకుతారు. తెలుగులో రాసే వ్యక్తిగత బ్లాగుకు అక్కడ ప్రత్యేకంగా ఒరిగేది ఏమీ లేదు. ఇక గిట్‌హబ్ పేజెస్ మీద హ్యూగో, జెకిల్ వంటి సాధనాలతో కట్టే బ్లాగులు వేగంగానూ ఉచితంగానూ ఉంటాయి గాని, ప్రోగ్రాములు రాసే అలవాటు ఉన్నవారికే అవి నప్పుతాయి. వారికి ఈ వ్యాసం అవసరం ఉండదు.

చిరునామా ఎవరిది

ఏ వేదికా శాశ్వతం కాదు. పోస్టరస్ అనే బ్లాగు సేవ 2013లో మూతపడింది. రెండు దశాబ్దాలకు పైగా నడిచిన టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరులో మూతపడింది. ఉన్న వేదికలోనే చిరునామా దెబ్బతిన్న ఉదంతం కూడా మన దేశానికి సంబంధించినదే ఒకటుంది. గూగుల్ కొన్నేళ్ల పాటు భారతదేశపు పాఠకులను బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ నుంచి బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కు మళ్లించేది. దాంతో జనం పంచుకున్న లంకెలు, ఇతర బ్లాగుల్లో ఇచ్చిన లంకెలు డాట్ ఇన్‌తో ముగిసేవి. 2020లో ఆ డాట్ ఇన్ పేరు గూగుల్ చేతిలో నుంచి జారిపోయింది. డాట్ కామ్‌లో బ్లాగులు చెక్కుచెదరకపోయినా, డాట్ ఇన్ లంకెలన్నీ ఎక్కడికీ చేర్చనివైపోయాయి. ఆ కాలంలో సొంత డొమైన్ పెట్టుకుని ఉన్న బ్లాగర్లకు మాత్రం ఈ సెగ తగలలేదు.

డాట్ ఇన్ గాని డాట్ కామ్ గాని సొంత పేరుకు ఏటా వెయ్యి రూపాయలకు కాస్త అటూఇటూ అవుతుంది. తెలుగు లిపిలో డాట్ భారత్ పేర్లు కూడా ఉన్నాయి. వాటిని చూస్తే సంతోషంగానే ఉంటుంది గాని, నోటితో చెప్పినప్పుడు, ఇంగ్లీషు కీబోర్డు ఉన్న ఫోనులో కొట్టేటప్పుడు పాఠకులు తడబడతారు కనుక మొదటి పేరుగా వద్దంటాను. ఎవరితో కొనిపించినా సరే, డొమైన్ ఖాతా రాసేవారి సొంత మెయిలుతో, సొంత ఫోను నంబరుతో ఉండాలి. బ్లాగు కట్టిపెట్టిన కుర్రవాడి పేరున డొమైన్ ఉండిపోయి, అతను ఉద్యోగం మారి అందుబాటులో లేకుండా పోయాక పేరు చేజారిన సందర్భాలు నా ఎరుకలోనే రెండున్నాయి.

చిరునామా మనదైతే వేదిక మార్పు భయపెట్టేది కాదు. బ్లాగర్ లంకెల్లో సంవత్సరం, నెల, టపా పేరు, చివర హెచ్‌టీఎంఎల్ అన్న తోక ఉంటాయి. వర్డ్‌ప్రెస్‌లో లంకెల వరుసను సరిగ్గా అలాగే అమర్చుకోవచ్చు. బ్లాగర్ నుంచి దించుకున్న ఫైలును వర్డ్‌ప్రెస్ దిగుమతి చేసుకుంటుంది. టపా పేర్లు పాతవాటితో సరిపోయాయని ఒక్కసారి చూసుకుంటే, పాత లంకె నొక్కినవారు కొత్త ఇంట్లో అదే టపా దగ్గరికి చేరతారు.

తెలుగు సరిగ్గా కనిపించడానికి

డీటీపీ కేంద్రంలో అను అనే పాత పద్ధతి ఖతుల్లో కొట్టించిన పాత వ్యాసాలు ఉన్నవారు వాటిని నేరుగా బ్లాగులో అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ముందుగా యూనికోడ్‌కు (ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతికి) మార్చుకుని, మార్చాక వత్తులూ అరసున్నలూ ఒకసారి కళ్లతో చూసుకోవాలి. పేజీ రూపం ఎంచుకునేటప్పుడు చాలా థీమ్‌లు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకుని చేసినవని గుర్తుంచుకోవాలి. వాటిలో వరుసల మధ్య ఎడం తక్కువగా ఉండి, "రాష్ట్రం"లోని టవత్తు, రవత్తు కింది వరుసలోని గుడిని తాకుతాయి. వరుస ఎత్తును అక్షరం కొలతకు 1.7 రెట్లు, అవసరమైతే 1.8 రెట్లు పెట్టుకుంటే కళ్లకు హాయిగా ఉంటుంది. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికేవాటిలో వ్యాసపు పాఠ్యానికి మండలి గాని నోటో సాన్స్ తెలుగు గాని చాలు, రామభద్ర వంటి దళసరి ఖతిని శీర్షికలకే ఉంచాలి. బ్లాగర్‌లో ఈ మార్పులకు థీమ్ కోడ్‌లో రెండు మూడు పంక్తులు చేర్చాలి, సొంత వర్డ్‌ప్రెస్‌లో ఇవి చేత్తో పెట్టినంత తేలిక, వర్డ్‌ప్రెస్ డాట్ కామ్ ఉచిత బ్లాగులో మాత్రం వీలు తక్కువ.

ప్రకటనల ఆదాయం గురించి కూడా అడుగుతుంటారు. గూగుల్ యాడ్‌సెన్స్‌లో తెలుగుకు 2018లో చోటు దొరికింది. అయినా వ్యక్తిగత బ్లాగుకు వచ్చే కొద్దిపాటి రాబడి కోసం వేదిక ఎంచుకోవద్దని నా గట్టి అభిప్రాయం. కనీసం యాభై టపాలు వేశాక ఆలోచించినా ఆలస్యం కాదు.

మా పిన్నిగారి విషయంలో చివరికి బ్లాగర్‌నే ఎంచుకున్నాను. మూడు నెలలు బ్లాగ్‌స్పాట్ చిరునామాలోనే రాయనిచ్చి, పద్నాలుగు టపాలు పూర్తయ్యాక ఆవిడ పేరున డాట్ ఇన్ డొమైన్ కొని తగిలించాము. ఆవిడ వయసు ముప్పై అయి, ఫొటోలతో ప్రయాణ వ్యాసాలు రాసే మనిషై, ఫోను నుంచే అన్నీ చేయాలనుకుంటే వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌లో డబ్బు కట్టే పథకం తీసుకోమనేవాణ్ణి. పాఠకులు మెయిలు చదివేవారైతే సబ్‌స్టాక్ అనేవాణ్ణి. ఇప్పుడు ఆవిడ ఫోనులో జీబోర్డుకు (గూగుల్ వారి కీబోర్డుకు) నోటితో చెప్పి రాయిస్తారు, తప్పులు దిద్దుకుంటారు, లంకె పేరు ఇంగ్లీషులో పెట్టి ప్రచురిస్తారు. ప్రతి మూడు నెలలకు ఒకసారి వారి అమ్మాయి బ్లాగర్ అమరికల్లో "బ్యాకప్" నొక్కి, దిగిన ఫైలును తేదీ వేసి పెన్‌డ్రైవ్‌లో దాస్తుంది. ఆ ఫైలులో అక్షరాలు మాత్రమే ఉంటాయి కనుక, టపాల్లో వాడిన ఫొటోలను అదే పెన్‌డ్రైవ్‌లో విడిగా ఒక ఫోల్డర్‌లో పెడుతుంది.